దొరకు దారిచ్చిన బ్యాక్

నా హాకీ జీవితం ఒక్క సాయంత్రంలో ఎలా గంగలో కలిసిందో చెబుతాను, వినండి. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే కాస్త జాలి కూడా పడండి. ఆ రోజు నా మీద జాలి పడ్డవాడు ఒక్కడూ లేడు.

అప్పట్లో మలయా దేశంలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటలో నా పని కాయలు ఒలవడం. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి, మెలితిప్పి, పీచు ఊడదీయాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే పని. నడుం వంగిపోయింది గానీ ముంజేతులు రోకళ్లలా తయారయ్యాయి. ఆ ముంజేతులు చూసే అప్పల్నాయుడు మావ నన్ను తోట హాకీ జట్టులోకి లాగాడు. ఆయన కంగాణి, అంటే మా కూలీల మీద పెద్ద. జట్టుకు కెప్టెను, గోల్‌కీపరు కూడా ఆయనే. నన్ను తన ముందు బ్యాక్‌గా నిలబెట్టాడు. బ్యాక్ చెయ్యాల్సిందల్లా ఒకటే: ఎవణ్ణీ గోలు వైపు పోనివ్వకూడదు. నేను పోనివ్వలేదు. నన్ను దాటుకుని గాలి కూడా పోదని జనం చెప్పుకునేవారు. అంటే, ముందు నేను చెబితే తర్వాత వాళ్లు చెప్పుకునేవారు.

ఒకరోజు మావ రొప్పుతూ వచ్చాడు.

"ఒరే సింహాచలం! పట్నం నుండి ఇంజినీరు దొర నీ ఆట సూడ్డానికి వస్తన్నాడు. ఆయన జట్టుకి బ్యాక్ కావాలట. నచ్చినావంటే పట్నంలోనే ఉజ్జోగం."

"ఏటి పని మావా?"

"ఆడ్డమే పని. ఆడితే జీతం."

"మరి ఈ కాయలెవులు ఒలుస్తారు?"

"నీ తాత ఒలుస్తాడు! ఆ మొన కాడినుండి బయటపడ్డానికి ఇదొక్కటే దారిరా. మళ్లీ రాదు."

ఆ వారమంతా నా కాళ్లు నేలమీద ఆనలేదు. పట్నంవాళ్లు ఎలా మాట్లాడతారో తెలియకపోయినా వాళ్లలాగే మాట్లాడాను. కాయలు ఒలిచే తోటివాళ్లను చూసి పెద్దమనిషిలా నిట్టూర్చాను కూడా.

ఇక్కడ మా తోట మర్యాద ఒకటి చెప్పాలి. దొర ఎదురొస్తే మేం దారి దిగిపోవాలి. తలగుడ్డ తియ్యాలి, చేతిలో ఉన్నది చంకలో పెట్టుకోవాలి, తల వంచి సలాం కొట్టాలి. పక్కన బురద కాలువ ఉంటే కాలువలోకే దిగాలి. నాకు నడక వచ్చినప్పుడే మా అయ్య ఇదీ నేర్పాడు.

ఆట దొరల క్లబ్బు జట్టుతో. మా తోట దొర అందులో సెంటర్ ఫార్వర్డు. కానీ తోటలో ఏదో తగువు తీరుస్తూ ఆయన ఆలస్యం చేశాడు. సగం ఆట ఆయన లేకుండానే సాగింది. పొరుగు తోటల దొరల్ని ఆపడానికి నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. పొద్దుటి హాజరుకు వాళ్ల ముందు నేనెన్నడూ నిలబడలేదు కాబట్టి, నా దృష్టిలో వాళ్లు దొరలే కారు. ఒకణ్ణి ఆపాను, ఇంకొకణ్ణి తిప్పికొట్టాను. పడాంగ్ మైదానం అంచున కుర్చీ వేసుకు కూర్చున్న ఇంజినీరు దొర నన్నే చూస్తున్నాడు. ఛాతీ ఇంకాస్త ముందుకు పెట్టాను.

విరామం కాగానే మా దొర మైదానంలోకి దిగాడు. బంతి ఆయనకు దొరికింది. నేరుగా నా మీదికే వస్తున్నాడు.

ఆ తర్వాత జరిగిందాంట్లో నా ప్రమేయం ఏమీ లేదు. కాళ్లు వాటంతట అవే పక్కకు తప్పుకున్నాయి. కర్ర చంకలోకి వెళ్లింది, తలగుడ్డ చేతిలోకి వచ్చింది.

"సలాం దొరా!"

దొర అలవాటు ప్రకారం తలూపి, గోలు కొట్టేశాడు.

"ఏట్రా సేసినావు?" మావ గావుకేక పెట్టాడు.

"దొర వచ్చినాడు మావా!"

"వస్తాడురా! రాకపోతే గోలెలా కొడతాడు? ఆపమనే గదరా నిన్నక్కడ నిలబెట్టినాను!"

"నానేటి సెయ్యను? మొకం సూసేసరికి నడుం వంగిపోనాది."

"అయితే మొకం సూడకు. బూట్లు సూడు. బూట్లకి దొరతనం ఉండదు. ఈసారి వదిలినావంటే సచ్చేదాకా కాయలే ఒలుస్తావు."

ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. పళ్లు బిగించి, నేల మీదే చూపు నిలిపి నిలబడ్డాను. మళ్లీ బంతి వచ్చింది. వెనకే బూట్లు వచ్చాయి. తోటనుంచి మార్చుకోకుండా వచ్చిన ఆ గోధుమరంగు బూట్లు.

అయ్యా, నా ఖర్మ చూడండి. ఇన్నేళ్లూ తల వంచి సలాం కొట్టినవాడికి దొర మొహం ఏపాటి తెలుస్తుంది? నాకు బాగా తెలిసినవి ఆ బూట్లే! ఈసారి ఇంకా లోతుగా వంగాను. రెండో గోలు కూడా పడింది.

ఆట ముగిసింది, ఓడిపోయాం. సిగ్గుతో చచ్చిపోయాను. నాకు దొర మీద కోపం రాలేదు. నన్ను అడగకుండానే వంగిన నా నడుం మీద వచ్చింది. మావ నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

అంతలో ఇంజినీరు దొర, మా దొర కలిసి నా దగ్గరికే వచ్చారు. కొడుకు పరీక్ష పాసైన తండ్రిలా మా దొర మురిసిపోతున్నాడు. ఇంజినీరు దొర నా భుజం తట్టాడు.

"బాగుస్! బాగుస్!" అని మలయ్ భాషలో మెచ్చుకుని, మా దొరవైపు తిరిగాడు. "ఇతన్ని నాకిచ్చెయ్."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. రెండు గోల్స్ వదిలినా నాలోని ఆటగాణ్ణి గుర్తుపట్టాడు, మహానుభావుడు! మర్నాడే కొత్త పంచె కట్టుకుని, కర్ర భుజాన వేసుకుని పట్నం చేరాను. ఇంజినీరు దొర నన్ను వాళ్ల క్లబ్బుకు తీసుకెళ్లి, కర్ర తీసి పక్కన పెట్టించి, తెల్ల కోటు తొడిగించి గుమ్మం దగ్గర నిలబెట్టాడు.

"ఆట ఎప్పుడు దొరా?" అన్నాను.

"ఆటకి వేరేవాడు దొరికాడు. నువ్వు ఇక్కడ నిలబడి, వచ్చిన దొరలకి తలుపు తియ్యి. నీలా దారి ఇచ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

అప్పుడు ఆ గుమ్మంలోనే, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని ఒట్టు పెట్టుకున్నాను: "ఈ జన్మలో ఇంక ఏ దొరకీ దారి ఇవ్వను. ఆరు నూరైనా ఇవ్వను. ప్రాణం పోయినా..."

అంతవరకే వచ్చాను. ఎదురుగా కారు ఆగింది. పక్కకు తప్పుకుని, తలుపు తీసి, సలాం కొట్టాను.