నీళ్ళ కాళ్ళ చట్రంతో నల్లమాడ దారిలో

నేలలో గుంత తవ్వకుండా నాటకం తెరలు నిలబెట్టే చట్రం ఒకటి చేసిపెట్టమని ధర్మవరం నుంచి ఉత్తరం రావడమే ఈ ప్రయాణానికి కారణం. ఎనభైల మొదట్లో గుంటూరులో నాకో చిన్న వెల్డింగు షాపు ఉండేది. ఉత్తరం రాసినాయన పేరు సంజీవప్ప. పట్టుచీరలు నేసేవాళ్ళు కలిసి పెట్టుకున్న నాటక సమాజంలో తెరలు కట్టే బాధ్యత ఆయనది. వాళ్ళ వైపు జానెడు మట్టి కింద అంతా బండేనట, గుంజలు పాతబోతే గడ్డపార వంగుతుంది తప్ప నేల దిగదట. నేను రెండు నెలలు తంటాలు పడి, విప్పి మళ్ళీ బిగించుకునే ఇనప పైపుల చట్రం చేశాను. నాలుగు కాళ్ళ కిందా నాలుగు పెద్ద రేకు డబ్బాలు. ఊరు చేరాక వాటిలో నీళ్ళు నింపితే బరువు, ఆట అయ్యాక పారబోస్తే తేలిక. కాలవ గట్టున పుట్టినవాడి తెలివి అది. నీళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి కదా అనుకున్నాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రాత్రి గుంటూరులో రైలెక్కి, గుంతకల్లులో మారి, మర్నాటి సాయంత్రానికి ధర్మవరం చేరాను. సంజీవప్ప ఇంట్లో సంగటి తిని పడుకుని, నల్లమాడ అవతలి పల్లెలో ఆ రాత్రి ఆట ఉందని పొద్దున ఆరింటి బస్సుకు పైపులన్నీ పైకెక్కించాం. ముదిగుబ్బ మీదుగా కదిరికి రెండున్నర గంటలు పట్టింది. నాకు టిక్కెట్టు నాలుగు రూపాయలైతే నా పైపులకు ఆరు. పైపులు చూసి కండక్టరు ముఖం వెలిగింది.

"ఏమన్నా, బోరు పైపులా? యాడ పడినాయి నీళ్ళు?" అని అడిగాడు.

"నీళ్ళు యాడివప్పా! నాటకం తెరలకు," అన్నాడు సంజీవప్ప.

కండక్టరు టిక్కెట్లు చింపి ఇచ్చాడు. కదిరిలో ఇంకో బస్సు పట్టుకుని నల్లమాడ, అక్కడి నుంచి ఎద్దులబండి మీద గంటన్నర. దారి పొడవునా దున్ని పెట్టిన చేలే. వాన పదును లేక ఒక్కదానిలోనూ విత్తనం పడలేదు. ఎదురుగాలికి కళ్ళలో దుమ్ము కొడుతుంటే తువ్వాలు ముఖానికి చుట్టుకుని కూర్చున్నాను. ఆ వైపు వెళ్ళేవాళ్ళు శ్రావణంలో ఆకుపచ్చని పల్లెటూళ్ళు చూద్దామనుకుంటే మాత్రం నిరాశపడతారు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. వానలు ముఖం చాటేస్తే ఊరంతా కలిసి పురాణ నాటకం ఆడించడం అక్కడి ఆచారమని సంజీవప్ప చెప్పాడు. ఆట మధ్యలో తెర కూలితే వచ్చే వాన కూడా వెనక్కి పోతుందని నమ్మకం. పోయిన ఏడాది ఇంకో ఊళ్ళో గాలికి గుంజలు ఊడి దర్బారు తెర కూలిందట, అందుకే నాకు ఉత్తరం రాశాడు. నేను గంటలో చట్రం బిగించి, "ఇక డబ్బాకు నాలుగు చొప్పున పదహారు బిందెల నీళ్ళు కావాలి," అన్నాను.

సంజీవప్ప నన్ను పక్కకు లాగాడు. "నీళ్ళా? బరువు పోసుకోవాల అని నువ్వు రాస్తే నేను ఇసుక అనుకొంటినప్పా!"

డబ్బా మూతి రూపాయి బిళ్ళంత. పెద్ద వంక అనే ఎండిన వాగులో గరుకు ఇసుక తప్ప లేదు, అది మూతి దగ్గరే పట్టేసింది. "రాళ్ళు కట్టేద్దాం పా. ఈడ రాళ్ళకేం తక్కువ?" అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. రాళ్ళు కడితే పైపులు వంకర పోతాయని వాదించాను. నిజం చెప్పాలంటే, నా డబ్బాలు వాడకుండా ఆట జరిగిపోవడం నాకు ఇష్టం లేదు. చివరికి ఊరి పెద్ద, "వాన కోసమే గదా, ఇంటికో బిందె తెండి," అన్నాడు.

ఆ ఊరి బావిలో ఊటకు వంతులున్నాయి. ఆ రోజు వంతు నరసమ్మది, ఒంటరిగా సేద్యం చేసుకునే మనిషి. జతలో ఒక ఎద్దును అప్పటికే అమ్మేసింది, మిగిలిన ఒక్కటి డొక్కలు తేలి చట్రం పక్కనే నిలబడి ఉంది. ఆమె బిందె దించి నా ముఖంలోకి చూసింది.

"ఇవి నా ఎద్దుకు పట్టిన నీళ్ళన్నా. దానికి కడుపు నిండా పెట్టి రెండు దినాలాయ. మళ్ళ నా వంతు వచ్చేది నాలుగు దినాలకు. తెల్లారినంక నా బిందె నాకిస్తావా?"

"ఒక్క చుక్క తగ్గకుండా ఇస్తానక్కా," అన్నాను.

దీపాలు పెట్టే వేళకు గాలి రేగింది. అడవి తెర తెరచాపలా ఉబ్బింది గానీ చట్రం అంగుళం కదల్లేదు. ఆట నిర్విఘ్నంగా సాగింది. సంజీవప్ప నా భుజం తట్టాడు, నేనూ ఉబ్బిపోయాను. వాన మాత్రం రాలేదు.

తెల్లవారగానే నరసమ్మ ఖాళీ బిందెతో ఎద్దును తోలుకుని వచ్చింది. డబ్బా మూత విప్పి బిందె పట్టాను. నీళ్ళ మీద రంగురంగుల నూనె తెట్టు, గుప్పున డీజిలు వాసన. ఆ డబ్బాలు నేను పెట్రోలు బంకు దగ్గర కొన్న పాతవి. సోడా వేసి కడిగాననుకున్నాను, మూలల్లో మిగిలిన మడ్డి రాత్రంతా నానింది. రెండో డబ్బా విప్పాను, మూడోది, నాలుగోది. అన్నీ అంతే. ఎద్దు బిందెలో మూతి పెట్టబోయి, బుస్సుమని తల పక్కకు తిప్పుకుంది. నరసమ్మ దాని మెడ పట్టి రెండుసార్లు వంచింది. అది ముట్టలేదు.

సంజీవప్ప ఇంటింటికీ తిరిగి నీళ్ళు అడిగాడు. ఎవరి దగ్గరుంటాయి? అన్నీ నా డబ్బాల్లోనే పోయించాను కదా.

"తిట్టక్కా," అన్నాను.

"తిట్టి ఏం చేసేదన్నా? దేవుని పని అంటే నీళ్ళు ఉత్తగానే ఇచ్చిందును. మళ్ళ ఇస్తానని నువ్వు చెప్పకుండా ఉండాల. ఆ మాట నమ్మి దాన్ని నిన్న అమ్మకుండా ఉంచుకొంటి." ఎద్దు పలుపు తాడు చేతికి చుట్టుకుంది. "ఇంక సంతకు తోలుకుపోతాండా. రేపటికి నడవలేదు ఇది."

పది గంటల బస్సులో కూర్చుని ఉండగా నల్లమాడ దాటాక వాళ్ళిద్దరూ రోడ్డు పక్కన కనిపించారు. ఎద్దు పడుకుని ఉంది, ఆమె తన కొంగు దాని కళ్ళ మీద నీడగా పట్టుకుని నిలబడింది. నేను బస్సు ఆపమనలేదు. దిగి ఏం చేస్తానని ఆ రోజు సర్దిచెప్పుకున్నాను. నా సీసాలో సగం నీళ్ళున్నాయని కదిరి చేరాక గుర్తొచ్చింది.

తర్వాతి ఆటకు సంజీవప్ప ఆ డబ్బాలు కోసి పారేసి, గోనెసంచుల్లో రాళ్ళు నింపి కాళ్ళకు కట్టాడట. పైపులేమీ వంకర పోలేదని ఉత్తరం రాశాడు. ఆ తరువాత చాలా ఊళ్ళు తిరిగాను, చాలా చట్రాలు చేశాను. ఎవరైనా నా పనితనం మెచ్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఇప్పుడు ఆ దారిలో బస్సులు బాగానే ఉన్నాయి, కదిరి నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఎండాకాలమైనా, వానాకాలమైనా, ఆ పల్లెల్లో ఎవరైనా చెంబు చేతికిస్తే, తాగే ముందు అవి ఎవరి కోసం పట్టిన నీళ్ళో అడగండి.