చిగుళ్ల రంగు సీట్లు

వీధిలో అందరూ పళ్లాయన అని పిలిచే ఆ మనిషికి యాభై రెండేళ్లు. డాక్టరు కాదు. డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే, ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు, అదే బల్ల దీపం, అదే మైనం చాకు. ఊళ్లో పెద్దవాళ్లలో సగం మంది ఆయన చేసిన పళ్లతోనే నవ్వుతారు, కానీ ఆ పళ్లు ఎవరు చేశారో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. "నా పనితనం జనం నోళ్లలో నానుతోంది, ఇంకేం కావాలి" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

అలాంటి మనిషి ఒక శనివారం స్కూటరుకు గాలి కొట్టించుకుందామని మెకానిక్ షెడ్డుకు వెళ్లి, స్పోర్ట్స్ కారు కొనుక్కుని వచ్చాడు.

షెడ్డు వెనక పట్టా కింద ఉంది అది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, పొడుగాటి ముక్కు, ఎరుపు రంగు. పుట్టి పాతికేళ్లయినా ఇంజన్ ఇంకా బాగానే ఉంది. మెకానిక్ తలుపు తీసి చూపించాక గానీ అది అంత చవకగా ఎందుకు వస్తోందో అర్థం కాలేదు. ఒకప్పుడు లేత గోధుమరంగులో ఉండాల్సిన తోలు సీట్లు చలికాలంలో మడమల్లా పగిలి ఉన్నాయి. డ్రైవరు సీటు అంచు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ రాసీ రాసీ చిరిగి, లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తోంది.

"ఈ సీట్లు చేయించాలంటే కారు కన్నా ఎక్కువవుతుంది సార్. అందుకే ఎవరూ ముట్టుకోవట్లేదు" అన్నాడు మెకానిక్, ఉన్నమాట దాచకుండా.

"చేయించడం ఎందుకు? నేనే చేసుకుంటాను" అన్నాడు పళ్లాయన. మనిషి మనిషికీ పంటి రంగు కలిపి కుదిర్చేవాడికి సీటు రంగు ఒక లెక్కా అనుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను చూసి చాలాసార్లు నవ్వాడు గానీ, ఆ రోజు కుందేలు తన చేతిలోనే ఉందని గమనించలేదు.

ఆయన భార్య ఇంకో ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. నడుములు పట్టేసిన వాళ్లను లేపి నడిపించడం ఆవిడ ఉద్యోగం. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇందులోకి ఎక్కాలా, దిగాలా?" అని అడిగింది.

"కూర్చోవాలి" అన్నాడు.

"నేను రోజుకు పదిమందిని లేపి నిలబెడుతుంటే మీరు పడుకోబెట్టే బండి తెచ్చారన్నమాట. మంచిదే. ఇక పేషెంటు ఇంట్లోనే ఉంటాడు."

గుమ్మంలోంచి అత్తగారు కూడా చూసింది. డెబ్బై ఆరేళ్ల ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. పై వరస, కింది వరస రెండూ అల్లుడు చేసిన పళ్లే. అందుకని ఆవిడ ఏ మాట అన్నా, తన చేతి పనే తనను కరిచినట్టుండేది ఆయనకు.

"ఇంట్లో ముగ్గురం, సీట్లు రెండు. ఎవరిని వదిలేద్దామని బాబూ?" అంది.

"మిమ్మల్ని మాత్రం కాదండీ."

"అయితే సరే. అమ్మాయి నడిచి వస్తుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే పని మొదలైంది. తోలంటే తోలే కదా, బూటుకైతేనేం, సీటుకైతేనేం అన్నది పళ్లాయన సిద్ధాంతం. రెండు డబ్బాల గోధుమరంగు బూటు పాలిష్ పట్టించి, గుడ్డతో గంటసేపు రుద్దాడు. సీట్లు తళతళలాడాయి. పగుళ్లు కూడా కనబడలేదు. ఇంత చిన్న కిటుకు లోకంలో ఎవరికీ తట్టకపోవడమేమిటా అని ఆశ్చర్యపోయి, సోమవారం ఉదయం తెల్ల ప్యాంటు వేసుకుని, ఎండలో ఆ కారులోనే పనికి బయల్దేరాడు.

ఆసుపత్రి హాలు నిండా జనం. ఆయన సగం దూరం నడిచాక రిసెప్షన్ అమ్మాయి మెల్లిగా పిలిచింది. "సార్, ఇక్కణ్నించి మాత్రం ఎవరికీ వీపు చూపించకుండా లోపలికి వెళ్లండి."

ఎందుకో చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుంటే తెలిసింది. రెండు డబ్బాల్లో డబ్బాన్నర పాలిష్ ఆయన ప్యాంటుకే ఉంది. అప్పటికే వెనక వరస వాళ్లందరూ చూసేశారు. ఇక ముందు వరసకైనా పరువు మిగుల్చుకుందామని, కొలువులోంచి సెలవు తీసుకునే మంత్రిలా ముఖం జనం వైపు పెట్టి వెనక్కి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ రోజంతా ఏప్రన్ వెనక వైపుకు కట్టుకుని పనిచేశాడు.

దాంతో ఆయనకు కొంచెం చదువు మీద గౌరవం కలిగింది. తోలు బాగుచేసే పద్ధతులు వెతికి చదివాడు. కావలసిన సబ్బు, బ్రష్షు, పగుళ్లు పూడ్చే ముద్ద, రంగులు తెప్పించాడు. మొదట సీట్లు ఊడదీయాలి. ఒక్కో సీటుకు నాలుగు బోల్టులు. ఏడు బోల్టులు మర్యాదగా వచ్చాయి. ఎనిమిదోది అలిగిన మేనమామలా కదల్లేదు. రెండు రోజులు నూనె పోసి బతిమాలితే అప్పుడు వదిలింది. సీట్లు హాల్లోకి చేరాయి.

నురగ పెట్టి బ్రష్షుతో కడుగుతుంటే ఏడుసార్లు నల్లటి నీళ్లే వచ్చాయి. పాలిష్ కొంత, పాతికేళ్ల మనుషుల చెమట కొంత. తరవాత సన్నటి గరుకు కాగితంతో రుద్దాడు. ఇక్కడిదాకా అన్నీ చదివినట్టే చేశాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకాల జ్ఞానం అక్కర్లేదనిపించింది. రంగు తన సొంత ఇలాకా.

సీసాలు పట్టుకెళ్లి, పని గదిలో తన బల్ల దీపం కింద పెట్టుకున్నాడు. తెలుపు, పసుపు, ఎరుపు, గోధుమ. కొలతలేం చూడలేదు, చెయ్యి దానంతటదే కలిపింది. చూస్తే ఎంతో తెలిసిన రంగులా, మనసుకు హాయిగా ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి ట్యూబులైటు వెలుగులో రెండు సీట్లకూ మూడేసి పూతలు వేసి, తృప్తిగా పడుకున్నాడు.

పొద్దున్నే అత్తగారు కిటికీ తెరిచింది. ఎండ సీట్ల మీద పడింది. ఆవిడ కాసేపు నిలబడి చూసి, అల్లుణ్ని పిలిచింది.

"బాబూ, ఇది ఎవరి నోరు?"

పళ్లాయన వచ్చి చూశాడు. సీట్లు రెండూ మెరిసే లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగు ఎందుకంత తెలిసినట్టు అనిపించిందో అప్పుడు అర్థమైంది. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ కట్టుడు పళ్ల కింద పోసే చిగుళ్ల రంగు అది. అందులోనూ అరవై దాటినవాళ్లకు వాడే రకం. చేతికి వచ్చిన విద్య అదొక్కటే, చెయ్యి అదే చేసింది. ఇంకా నయం, మధ్యలో తెల్లగా కుట్లు లేవు, లేకపోతే పళ్లు కూడా వచ్చేవి.

భార్య చూసి నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. నవ్వుతున్నవాళ్లతో కలిసిపోతే సగం పరువైనా దక్కుతుందని ఆయనకు చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి, తనూ పక్కన కూర్చుని నవ్వాడు.

కానీ ఆ తరవాత వారం రోజులు సీట్లను ముట్టుకోలేదు. అత్తగారు మాత్రం రోజూ ఒక సీట్లో కూర్చుని పేపరు చదువుకునేది, నడుముకు హాయిగా ఉందని. ఆవిడను అలా చూసినప్పుడల్లా ఆయనకు సిగ్గేసేది. ఈ వయసులో నాకీ కారేమిటి అని తనను తనే అడిగాడు. తను చేసిందల్లా ఎవరి నోట్లోకో వెళ్లిపోతుంది. తన చేత్తో చేసి, తనే కూర్చునే వస్తువు ఒక్కటుంటే బాగుండునన్న కోరిక ఎక్కడో ఉన్నట్టుంది. పైకి చెబితే నవ్వుతారని చెప్పలేదు. అసలు ముందు తనే నవ్వుతాడు.

చెప్పకపోయినా భార్యకు కొంత అర్థమైంది. "మా దగ్గరికి భుజం నొప్పికి ఒకావిడ వస్తుంది. కారు సీట్ల షాపు ఆవిడది. వెళ్లి అడగండి" అంది.

ఆదివారం ఆ గులాబీ సీట్లను ట్రాలీ బండిలో వేసుకుని, బజారు మధ్యలోంచి వెళ్లాడు. నిండా మునిగాక చలేమిటి. షాపంటే ఒక పొడుగాటి గది. గోడకు చుట్టలు చుట్టలుగా తోళ్లు, రెక్సిన్లు, మధ్యలో వెడల్పాటి బల్ల, రెండు పెద్ద కుట్టుమిషన్లు, గది నిండా జిగురు వాసన. షాపావిడకు యాభై ఉంటాయి, తక్కువ మాటల మనిషి. సీటు మీద గోరుతో గీకి చూసింది.

"ఈ రంగు ఎవరు వేశారు సార్?"

"తెలిసినవాళ్లేనమ్మా."

"ఇంకోసారి వాళ్ల దగ్గరికి వెళ్లకండి."

"వెళ్లక తప్పదు. నేనే."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు సులువయ్యేది. సీటంతా వేళ్లతో తడిమి, "ఈ అంచు ముక్క పోయింది, మార్చాలి. మిగతా తోలు బతుకుతుంది. రంగు పూర్తిగా తీసేయాలి. అంచు చేత్తో కుట్టాలి, మిషను వెళ్లదు. నా భుజం ఇప్పుడు కుట్టనివ్వదు. మీరు కుడతానంటే చెబుతాను" అంది.

అలా మూడు ఆదివారాలు గడిచాయి. దబ్బనం, మైనం పట్టించిన దారం. పాత కుట్టు చిల్లుల్లోంచే కొత్త దారం పోవాలి, పక్కన ఇంకో చిల్లు పడకూడదు. తోలుకు పడాల్సిన పోట్లలో సగం ఆయన వేళ్లే కాచుకున్నాయి. ఆవిడ పక్కన నిలబడి, "విప్పండి, మళ్లీ కుట్టండి" అనేది. అంతకు మించి తిట్టేది కాదు, పొగిడేది కాదు.

నాలుగో ఆదివారం పగుళ్లు పూడ్చే పని. పళ్లాయన జేబులోంచి మైనం చాకు తీశాడు. ముద్దను ఆ సన్నటి మొనతో పగుళ్లలోకి ఎక్కించి, అంచులు కనబడకుండా చదును చేస్తుంటే, షాపావిడ తన పని ఆపి చూసింది.

"చెయ్యి బాగుంది" అంది. పూడ్చిన చోట వేలు ఆనించి, "కానీ ఇక్కడే చిక్కుంది సార్. తోలుకు మన చర్మంలాగే సన్నటి గీతలుంటాయి. పూడ్చిన చోట నున్నగా ఉంటుంది. ఎంత రంగు వేసినా అతుకు అతుకులాగే కనిపిస్తుంది. ముప్పై ఏళ్లయింది, నాకూ కుదర్లేదు" అని చెప్పింది.

వారమంతా పళ్లాయన ఆ మాటే తలుచుకున్నాడు. అచ్చు తీయడమే కదా తన పనికి మొదలు. నోట్లో ముద్ద పెట్టి, గట్టిపడ్డాక తీస్తే, చిగురు మీది గీత కూడా దిగుతుంది. తరవాతి ఆదివారం ఆ ముద్దే ఒక డబ్బా పట్టుకెళ్లాడు. సీటు వెనక, ఎవరి వీపూ తగలని చోట తోలు ఇంకా కొత్తగా ఉంది. అక్కడ ముద్ద అద్ది, గట్టిపడ్డాక ఒలిచాడు. తోలు గీతలన్నీ దాని మీద దిగాయి. ఒక పగులులో కొత్తగా ముద్ద పూడ్చి, దాని మీద ఆ అచ్చు అద్దాడు.

తొందరపడి పచ్చిగా ఉండగానే అద్దడంతో, పూడ్చిందంతా అచ్చుకు అంటుకుని ఊడి వచ్చింది. రెండోసారి మరీ ఆలస్యం చేశాడు, రాయి మీద ముద్ర వేయబోయినట్టయింది, ఒక్క గీతా దిగలేదు. "ఆరంభం బాగుంది" అన్నాడు తనలో తను. మూడోసారి పూడ్చిన ముద్ద సగం ఆరినప్పుడు అచ్చు అద్ది, ఊపిరి బిగబట్టి తీశాడు.

షాపావిడ కళ్లు మూసుకుని బొటనవేలు పెట్టి రాసింది. "ఎక్కడ పూడ్చారు?"

"మీ వేలి కిందే."

ఆవిడ కళ్లు తెరిచి, వంగి చూసింది. అచ్చును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో అటూ ఇటూ తిప్పింది. "ఈ ముద్ద ఎక్కడ దొరుకుతుంది సార్? ఎంతసేపట్లో గట్టిపడుతుంది? నాకు నేర్పుతారా?" అని అడిగింది.

పని గురించి ఆయన్ని ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి. అలవాటుగా ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాడు. ఏదీ రాలేదు. "నేర్పుతానమ్మా" అన్నాడు అంతే.

రంగు మాత్రం ఆవిడే కలిపింది. అదీ గుమ్మం బయట నిలబడి. "రంగు ఎండలో కలపాలి సార్. నోట్లో ఎండ పడదు, కార్లో పడుతుంది" అంది. స్పాంజితో పలచగా అయిదు పూతలు, పూతకూ పూతకూ మధ్య, పళ్లాయన ఇంటి నుంచి తెచ్చిన, భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి. అయిదుతో ఆపమని ఆవిడ గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చాక, ఎందుకైనా మంచిదని డ్రైవరు సీటుకు ఆయన ఆరో పూత వేశాడు. అందుకే ఆ సీటు పక్కదానికంటే కొంచెం ముదురుగా ఉంటుంది. ఎవరైనా అడిగితే, ఎప్పుడూ నేనే కూర్చుంటాను కదా, నా నీడ పడి అలా కనిపిస్తుంది అంటాడు.

సీట్లు బిగించాక మొదటి ప్రయాణం అత్తగారిదే. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముందు కూర్చుని, తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలని కూతురు నేర్పింది, ఆవిడ అలాగే ఎక్కింది. ఎలా దిగాలో నేర్పడం కూతురు మరిచిపోయింది. ఆసుపత్రి ముందు పళ్లాయన ఒక చెయ్యి, వాచ్‌మన్ ఒక చెయ్యి పట్టుకుని రెండుసార్లు లాగారు. మూడోసారికి ఆవిడ వద్దంది.

"ఉండండి బాబూ. కాసేపు కూర్చుంటాను. ఇంకా టైముంది కదా."

వాచ్‌మన్ వెళ్లిపోయాడు. పళ్లాయన వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. ఆవిడ సీటు అంచును చేత్తో నిమిరి, "దీన్నెక్కడ బాగుచేశారో చూపించండి" అంది.

"ఇదిగో, ఇక్కడ" అన్నాడు. వేలు పెట్టి చూసి, "కాదండీ, ఇక్కడ" అన్నాడు. ఇంకా కొంచెం పక్కకు వెతికాడు. చివరికి, "నాకే తెలియట్లేదు" అని ఒప్పుకున్నాడు.

"మరింకేం" అంది ఆవిడ. తరవాత రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి, తలుపు పట్టుకుని తనంతట తనే లేచింది.

కారు ఎక్కువగా ఇంటి ముందే ఉంటుంది. ఇరవై నిమిషాలకు మించి అందులో కూర్చోకూడదని భార్య నియమం పెట్టింది, ఆయన నడుము కూడా ఆవిడ మాటే వింటుంది. ఆదివారాలు మాత్రం ఆయన సీట్ల షాపులో ఉంటాడు. టాక్సీ సీట్లు, ఆఫీసు కుర్చీలు, ఒకసారి ఎవరిదో పాత పియానో స్టూలు కూడా వచ్చింది. తోలు అచ్చులు అరవై దాకా పోగయ్యాయి, డబ్బాల్లో వరసగా పెట్టి చీటీలు అంటించాడు. పగుళ్లు పూడ్చడం, అచ్చు వేయడం ఆయన పని. షాపావిడ భుజం కుదుటపడింది, కుట్టడం మళ్లీ ఆవిడే చూసుకుంటోంది. రంగు సీసాలు మాత్రం ఆయనకు అందని పై అరలో పెడుతుంది.