కాగితం మీద నేను కొట్టేసిన ఇల్లు

మొన్న ఎండాకాలంలో మా నిజామాబాద్ గల్లీకి జనాభా లెక్కలు రాసే అమ్మాయి వచ్చింది. చేతిలో ఫోను తప్ప మరేమీ లేదు. మెట్టు మీద నిలబడే గదులెన్ని, నల్లా ఉందా, వంట దేని మీద అని అడుగుతూ వేలితో టకటకా నొక్కుకుంటూ పోయింది. చివరికి ఇంటి పెద్దగా ఎవరిని రాయమంటారని అడిగితే మా కోడలు నవ్వుతూ నన్ను చూపించింది. ఆ పిల్ల నా పేరు అడుగుతోంది, నేను గడప పట్టుకుని కూలబడ్డాను. ఎండకు తల తిరిగిందనుకుని కోడలు నీళ్ళు తెచ్చింది. నేను తాగాను గానీ నా బాధ ఎండది కాదు, రోత. నలభై ఏళ్ళు దాటిన ఒక పాత సంగతి మీద రోత, దానిలో నేను చేసిన పని మీద అంతకు మించిన రోత. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా సర్కారు బడిలో పనిచేస్తూ ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసినవాళ్ళు, అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండో ఏడాది. బాపు, అంటే మా నాన్న, నా చిన్నప్పుడే పోతే, మేము అవ్వ అని పిలుచుకునే మా అమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా చేసి నన్ను చదివించింది. నా జీతం వచ్చాకే మా ఇంట్లో రెండు పూటలా కూర ఉడకడం మొదలైంది. నన్ను వేసింది బోధన్ నుంచి వర్ని వైపు పోయే దారిలో, అటు పల్లె అనలేని, ఇటు పట్నం అనలేని ఒక పెద్ద ఊరికి. ఊరి చుట్టూ చెరుకే. గానుగ సీజనులో ఎడ్లబండ్లు బారులు తీరి చక్కెర ఫ్యాక్టరీకి పోతుంటే, దారిలో రాలిన గడలు ఏరుకుని తింటూ పిల్లలు బడికి ఆలస్యంగా వచ్చేవాళ్ళు, కొట్టబుద్ధి అయ్యేది కాదు.

ఆ వేసవిలో ఊళ్ళో ఇళ్ళెన్ని, ఏ ఇంట్లో ఎందరు, ఎవరికి ఎవరు ఏమవుతారని రాసే పని మా బడి వాళ్ళ మీద పడింది. సగం ఊరు నాకు వచ్చింది. తలుపు మీద ఎర్రటి జాజుతో నంబరు వేయడం, కాగితం మీద ఇళ్ళ వరుసల నక్ష గీయడం, ఆ తర్వాత ఇంట్లోకి పోయి మనుషులను రాసుకోవడం. ఒక్క పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక్క కుటుంబమని మాకు చెప్పి పంపారు. వినడానికి ఎంత సులువో, రాయడానికి అంత తిప్పలు. బీడీలు చుట్టే ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు అలిగి చెరో పొయ్యి పెట్టుకున్నారు. రెండు కుటుంబాలుగా రాస్తానంటే ఇద్దరూ కలిసి నా మీదికి వచ్చారు, ఒక్కటిగా రాస్తానంటే మళ్ళీ ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. బజారులో కిరాణా కొట్టు పెట్టుకున్న మరాఠీ వాళ్ళు, కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చి క్యాంపు కట్టుకున్న కోస్తా వాళ్ళు, మసీదు వెనుక గల్లీలో పదముగ్గురు పిల్లల్ని ఒక్క గుక్కలో పేరుపేరునా చెప్పిన నానమ్మ, ఊరి చివర మాలాగే చర్చికి పోయేవాళ్ళ ఇళ్ళు, ఇలా ఊరు ఊరంతా నా కాగితాల్లోకి వచ్చి కూర్చుంటుంటే నాకు ఒకటే సంబరం. అంతా అలాగే సాగి ఉంటే ఆ పని ఆ సంబరంతోనే ముగిసేది.

ఊరి పెద్దను అందరూ పటేల్ అనేవారు. ఆ పదవి ఎప్పుడు ఎవరిచ్చారో తెలియదు గానీ పిలుపు మాత్రం గట్టిగా ఉండేది. ఒకరోజు పొద్దున వాళ్ళింటికి పోతే కుర్చీ వేయించారు. పింగాణీ కప్పులో చాయ్ ఇప్పించారు. మా బోటి కులం వాళ్ళకు ఆ ఇంటి అరుగు మీద కప్పులో చాయ్ అంటే మాటలా. చదువుకున్న పిల్లవు, బడిని బాగు చేస్తున్నావంటూ ఆయన మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయాను. ఒక్కటే ఇల్లు, ఒక్కటే పొయ్యి, భార్య, పెళ్ళైన పెద్దకొడుకు, కోడలు, పెళ్ళికాని చిన్నకొడుకు. రాసుకుని లేచాను.

మధ్యాహ్నానికి ఆయన చెరుకు తోట గట్టు దగ్గరికి చేరాను. అక్కడ చెరుకాకు కప్పిన ఒక గుడిసె ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదైన ఒక ఆడమనిషి, చూపు మందగించిన ఆమె తల్లి, ఇద్దరు పిల్లలు. అలికిన నేల, బోర్లించిన రెండు గిన్నెలు, చూరుకు వేలాడే ఒక పలక. చాప పరిచి కూర్చోబెట్టింది. ఇంటి పెద్ద ఎవరని అడిగితే ఆమె తడుముకోలేదు.

"రాయి చెల్లె, ఇంటికి పెద్దను నేనే. మా అవ్వకు కండ్లు కానరావు, పిలగాండ్లు చిన్నోల్లు. ఇంకెవలున్నరు?"

పెళ్ళయిందా అన్న గడి దగ్గర నా కలం ఆగింది. తనను చిన్నప్పుడే దేవుడి పేరు మీద విడిచారని, ఊరు తనను జోగిని అంటుందని, దాన్ని పెళ్ళి అనుకోవాలో కాదనుకోవాలో చదువుకున్నదానివి నువ్వే చెప్పమని ఆమె నన్నే అడిగింది. ఆ గడిని ఖాళీగా వదిలేసి కిందికి పోయాను. పిల్లల తండ్రి ఎవరని ఆ కాగితంలో ఏ గడీ అడగదు. నేనే నోరు జారి అడిగాను.

ఆమె చీపురు పుల్ల విరిచి పక్కన పడేసింది. "పొద్దుగాల చాయ్ తాగొచ్చినవట గద. గా ఇల్లే" అంది.

నేను పిల్లల వైపు తిరిగి చూశాను. ఆ పిల్లల్లో పెద్దవాడి గడ్డం మీద పటేల్ గడ్డం మీది సొట్టే ఉంది, అంతవరకూ నాకు కనిపించనే లేదు. బయటికొచ్చి గుడిసె తడక మీద జాజుతో నంబరు వేశాను. మిగతా ఇళ్ళ కంటే పెద్ద అంకెలతో వేశానని గుర్తు. ఆ ఒక్కదానికే నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను.

మర్నాడు ఆ దారిన పోతే తడక మీద పేడ అలికి ఉంది. బడికి పోయేసరికి పెద్దసారు గదిలో పటేల్ కూర్చుని ఉన్నారు. ఊళ్ళో సరైన ఇళ్ళు లేక గుడిసెల్లో, కొట్టాల్లో తలదాచుకునే కుటుంబాలకు సర్కారు స్థలాలు ఇవ్వబోతోందని, ఈ జాబితానే చూస్తారని అప్పుడు తెలిసింది. ఆయన కోపంగా మాట్లాడలేదు, అదే మరీ రోత. "గుడిసె నా పట్టా భూమిల ఉన్నది బిడ్డ. నువ్వు ఇల్లని రాస్తే రేపు నా భూమి నాది గాకుంట పోతది" అన్నారు. దాన్ని మేత దాచుకునే గుడిసెగా రాయాలట. ఆయన ఎడ్ల కొట్టాన్ని పెద్దకొడుకు ఇల్లుగా, బోరు కాడి మోటరు గదిని చిన్నకొడుకు ఇల్లుగా రాయాలట. ఎకరాలకు ఎకరాలు ఉన్న మనిషి ఇల్లు లేనివాళ్ళ స్థలం కోసం కన్నకొడుకులను కొట్టంలో కాపురం పెట్టిస్తున్నాడు, కన్నపిల్లలనే గడ్డిమోపుల కింద రాయమంటున్నాడు. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదన్న సంగతి మాత్రం గుర్తుచేశారు.

నేను ఎదురు చెప్పానని రాసుకోవాలని ఎంతగానో ఉంటుంది. చెప్పలేదు. కొత్త కాగితం తీసుకుని గీతలు గీసి మళ్ళీ రాశాను. మోటరు గదికి తలుపులెన్నో కూడా రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉందని పెద్దసారు మెచ్చుకున్నారు. పటేల్ మళ్ళీ చాయ్ తెప్పించారు. అదీ తాగాను.

ఆదివారం ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "మా బాపు దినాలల్ల మన గల్లీని గూడ లెక్కలోల్లు గిట్లనే ఇడిసిపెట్టి పోయిండ్రు బిడ్డ. రాసేటోడు మనోడైతే రాస్తుండె అనుకునేటోల్లం" అంది. తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం పొద్దున మామూలుగానే గిన్నె కట్టిచ్చి బస్సెక్కించింది. ఆమెకూ ఆ జీతం కావాలి, దాచుకోవడానికేముంది.

స్థలాలు వచ్చాయి. పటేల్ కొడుకులిద్దరికీ వచ్చాయి. చెరుకు నాటే ముందు గుడిసెను పీకించారు. ఆ వారంలోనే ఆమె పిల్లలను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. నిజామాబాద్ పోయి బీడీలు చుట్టుకుని బతుకుతామని, అక్కడి బడిలో వేయడానికి పెద్దవాడి బడి కాగితం ఇప్పించమని అడిగింది. కాగితం చేతికిచ్చాక కూడా కదలలేదు.

"నా ఇల్లు లిస్టుల లేదంటున్నరు. నువ్వు రాసినవు గద చెల్లె?"

రాశాననే చెప్పాను. పైవాళ్ళెవరో కొట్టేసి ఉంటారన్నాను. నా జీవితంలో ఎన్నో చిన్నా పెద్దా అబద్ధాలాడాను గానీ, అంత నీచమైనది మరొకటి లేదు. ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, నా మొహం చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ, నువ్వేం జేస్తవు. నీ చేతుల ఏమున్నది" అని నన్నే ఓదార్చి, తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ బస్సు దిక్కు పోయింది.

ఆ తర్వాత నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. నిజామాబాద్‌లోనే స్థిరపడ్డాను. బీడీ కార్ఖానాల ముందు చాటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళలో ఆమె కోసం చాలాకాలం వెతికాను. నిజం చెప్పాలంటే, కనిపిస్తుందేమోనని భయపడుతూ వెతికాను. కనిపించలేదు. రిటైరైన రోజు శాలువా కప్పి నా నిజాయితీ గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే తల దించుకుని కూర్చున్నాను. అణకువ అనుకున్నారు.

పోయిన ఏడు ఒక పెళ్ళికి వర్ని పోతూ ఆ ఊరి మీదుగా వెళ్ళాను. ఫ్యాక్టరీ గొట్టంలో పొగ ఆగిపోయి చాలాకాలమైంది. చెరుకు పోయి దారి పొడుగునా వరి వచ్చింది. గుడిసె ఉన్న గట్టు ఏదో పోల్చుకోలేకపోయాను. అంతా స్లాబు ఇళ్ళే, ఇంటికి ముగ్గురో నలుగురో మనుషులు. జోగిని అన్న మాటే ఇప్పటి పిల్లలకు తెలియదట, మంచిదే. పటేల్ పోయారు, పెద్దసారు పోయారు, మా అవ్వ పోయింది. ఆనాటి సంగతి తెలిసినవాళ్ళలో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను. ఆ పిల్లలు ఉంటే నడివయసు దాటి ఉంటారు, వాళ్ళకూ కొడుకులు, కోడళ్ళు వచ్చి ఉంటారు. కొత్తవాళ్ళెవరైనా మీది ఏ ఊరని అడిగినప్పుడు వాళ్ళు ఏమని చెబుతారో.