నేను తప్పు చదివిన దేశపటం

దేశపటం చదవడం వచ్చని నాకు ఒకప్పుడు మహా పొగరు. ఇంటర్ తప్పి దుబాయ్ వచ్చినవాణ్ని. సోనాపూర్ కూలీల క్యాంపులో మా బ్లాకు మొత్తానికి ఇంగ్లీషు ముక్క చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. చెట్టు లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఎవరి కాగితమైనా నా దగ్గరికే వచ్చేది.

రెండువేల ఇరవైలో కరోనాకు బస్సులు ఆపి మమ్మల్ని గదుల్లో కూర్చోబెట్టినప్పుడు ఆ పొగరు ఇంకా ముదిరింది. నైఫ్ బజారులో ఎప్పుడో కొన్న ఇక్కడి దేశపటాన్ని గోడకు అంటించి పాఠం మొదలుపెట్టాను. ఇవి ఏడు సంస్థానాలు, ఒక్కోదానికి ఒక్కో రాజు, అందరూ కలిసి ఒక దేశం. ఈ ఇసుకంతా ఒక్క అబుదాబిదే, మిగతా ఆరూ ఈ మూలన ఇరుక్కున్నాయి. కర్కటరేఖ ఇదిగో, కింద ఎడారిలోంచి పోతుంది. జనాభా అంటారా, ఇక్కడివాళ్లకంటే మనలాంటి బయటివాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. నేనలా చెప్పుకుపోతుంటే పక్కగది అన్న ఒకాయన గడప దగ్గర నిలబడి, "అట్లయితే ఓట్లు పెడితే మనమే గెలుస్తం గద సారూ" అన్నాడు. గదంతా నవ్వింది.

ఆ రోజునుంచి నన్ను ఆయన సారూ అనే పిలిచాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. జగిత్యాల దగ్గరి ఊరు. కట్టే బిల్డింగులకు ఇనుప చువ్వలు కట్టే పని. ఆ కరోనాలోనే ఆయన కంపెనీ మూతపడింది. ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ ఎత్తలేదు. వీసాకు పూచీ పడ్డ కఫీల్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. వీసా గడువు తీరిపోయింది. అంటే మావాళ్ల భాషలో ఖల్లివెల్లి అయ్యాడు: కాగితం లేని మనిషి. క్యాంపు వదిలి నైఫ్‌లో ఒక ఇరుకు గదిలో మంచం అద్దెకు తీసుకుని, దొరికిన పనల్లా చేస్తూ దాక్కుని బతికాడు.

అలా నాలుగేళ్లు గడిచాక చక్కెర జబ్బు కళ్లకెక్కింది. మొదట కట్టుడు తీగ కొసలు కనబడటం లేదన్నాడు. తర్వాత బస్సు నంబరు, ఆ తర్వాత మనిషి ముఖం. వీసా లేనివాడికి ఆసుపత్రి కార్డు ఉండదు. ఎలాగో ఒక క్లినిక్‌లో చూపిస్తే, కొన్ని నెలల్లో చూపు పూర్తిగా పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రోజు బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఆయన నాతో అన్నది ఒక్కటే. "పైసలు వద్దు, ఏం వద్దు. మా ఆమె మొకం ఒక్కపాలి సూడాలె సారూ. తొమ్మిదేండ్లాయె. కండ్లు పోయినంక పోతే ఏం ఫాయిద?"

అదే ఏడు సర్కారు క్షమాభిక్ష పెట్టింది. కాగితాల్లేనివాళ్లు గడువులోపల వచ్చి పేరు రాయించుకుంటే జరిమానా లేకుండా ఇంటికి పంపిస్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చూసుకుంటానన్నా, నువ్వు నిశ్చింతగా ఉండు అన్నాను. పాస్‌పోర్ట్ ఎప్పుడో పోయింది కనుక మన కాన్సులేట్ నుంచి దానికి బదులు కాగితం తెప్పించడానికి వారాలు పట్టింది. నాకు సెలవు దొరికే ఆదివారాలు చూసుకుంటూ తిరిగాం. చివరికి గడువు ఇంకా రెండు రోజులుందనగా దుబాయ్ క్షమాభిక్ష కేంద్రంలో, ఎడారి అంచున వేసిన డేరాల కింద, పొద్దున్నే వరుసలో నిలబడ్డాం.

మా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఈయన ఫైలు మాది కాదు, రాస్ అల్ ఖైమా సంస్థానానిది, కంపెనీ అక్కడిది, వీసా అక్కడ కొట్టారు, అక్కడికే వెళ్లాలి అని మర్యాదగానే చెప్పింది. నాకు అర్థం కాలేదు. ఈయన ఎప్పుడూ అక్కడ లేడమ్మా, సోనాపూర్లోనే ఉన్నాడు అని వాదించాను. ఆమె మేమిచ్చిన పాత వీసా నకలే నా ముందు పెట్టి వేలు చూపించింది. వీసా ఇచ్చిన చోటు ఇంగ్లీషులోనే ఉంది. ఆ నకలు నా సంచిలో నాలుగు వారాలుగా ఉంది. పేరు చూశాను, నంబరు చూశాను, ఆ గడి మాత్రం చదవలేదు.

ఎందుకు చదవలేదంటే, మన దగ్గర ఇల్లు ఎక్కడుంటే రేషన్ కార్డు అక్కడే. పండుకున్న ఊరే మనిషి ఊరు. దుబాయ్‌లో పండుకునేవాడి కాగితం దుబాయ్‌లోనే ఉంటుందని నా బుర్ర ఎప్పుడో తీర్మానించేసుకుంది. ఏడు సంస్థానాలని గోడమీద కర్రపెట్టి చెప్పిన పెద్దమనిషిని నేనే. తూ, నా చదువు తగలెయ్య.

మర్నాడు పనికి ఎగనామం పెట్టి ఆయన్ను తీసుకుని బస్సెక్కాను. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్ దాటాం. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయినంత సేపట్లో ముగ్గురు రాజుల ఇలాకాలు. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఎక్కడికొచ్చినం అని అడుగుతూనే ఉన్నాడు. నేను బోర్డులు చదివి చెబుతూనే ఉన్నాను.

అక్కడ రద్దీ తక్కువే. ఫైలు తెరిచారు. మూతపడే ముందు కంపెనీ ఆయనమీద ఏదో కేసు పెట్టిపోయింది. సామాను పోయిందట. అది కొట్టేస్తేనే దేశం దాటే కాగితం. దానికి కనీసం వారం కావాలి. గడువేమో మరునాటితో సరి. బయట టైపింగ్ సెంటర్‌లో మలయాళీ ఒకతను కాగితాలు తిరగేసి, నెల ముందు వస్తే లోపలి సార్లే మాట్లాడి తీయించేవాళ్లు, ఇలాంటివి చాలా అయ్యాయి అన్నాడు. అన్నకు హిందీ బాగానే వచ్చు. అంతా విన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "కానీయ్ సారూ, ఖలాస్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, నేను ఏడవలేకపోయాను.

బస్సుకు ఇంకా గంట ఉంది. మిట్టమధ్యాహ్నం. రోడ్డు దాటితే సముద్రం. చప్పుడు విని అదేంటని అడిగాడు. తొమ్మిదేళ్లు సముద్రపు ఒడ్డు దేశంలో ఉండి ఒక్కసారీ దాని దగ్గరికి పోలేదట. క్యాంపు, బస్సు, సైటు, మళ్లీ క్యాంపు. తీసుకెళ్లి ఒడ్డున నిలబెట్టాను. తెల్లగా మెరుస్తున్నది తప్ప ఇంకేం కనబడటం లేదన్నాడు.

కాసేపటికి, "సముద్రం దాటే గద వచ్చినం. అవతల మనోళ్లే ఉంటరు గద సారూ?" అన్నాడు.

అవతల ఇరాన్ ఉంది. మన దేశం మా వీపుల వెనక, కొండలు దాటాక, ఇంకో సముద్రం అవతల ఉంది. పటంలో అది నాకు కళ్లు మూసుకున్నా తెలుసు.

"ఔనన్నా, అటే" అన్నాను.

జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చి ఇంటికి కలపమన్నాడు. కలిపి ఇచ్చాను. తెరమీద ఆమె వచ్చింది, నెత్తిమీద కొంగు సర్దుకుంటూ. ఎక్కడున్నవ్, పనైందా అని అడుగుతోంది. ఆయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, ముఖం నీళ్లవైపే ఉంచి చెప్పాడు.

"నీ దిక్కే సూస్తున్న."