పైజామాల జట్టు పైకెక్కిన ఏడాది

పోయిన నెలలో మా మనవరాలిని శంషాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక బడిలో చేర్పించడానికి మా అబ్బాయి కాగితాలు నింపుతూ కూర్చున్నాడు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, వేయించిన టీకాలు అన్నీ అయ్యాక చివరి పేజీలో, మీ కుటుంబంలో ఎవరైనా ఆటల్లో పాల్గొన్నారా అని ఒక ప్రశ్న ఉందట. వాడు పైకి చదివి, తలెత్తకుండానే ‘లేరు’ అని రాసేశాడు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న నాకు, అరవై దాటి, ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లల్ని ఆడించి రిటైరైన నాకు, ఇంత చిన్న మాటకు అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కొట్టేసి మళ్ళీ రాయమన్నాను. కబడ్డీ అని రాయి, రెండో డివిజనులో గెలిచి మొదటి డివిజనుకు ఎక్కిన జట్టు అని రాయి, ఎడమ మూల పట్టు అని కూడా రాయి అన్నాను. వాడు పెన్ను ఆపి, ఎవరమ్మా ఆడింది అని అడిగాడు. పాపం, వాడి తప్పేమీ లేదు. నలభై ఏళ్ళుగా నేనే ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.

అప్పటి శంషాబాద్ ఎట్లా ఉండేదో మీలో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. బెంగుళూరు రోడ్డు, దాని మీద లారీలు, రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష తోటలు, కోళ్ళ ఫారాలు. మాది పాల్మాకుల. పదో తరగతి అయ్యాక నేను మా ఊరి పక్క ద్రాక్ష తోటలో పనికి కుదిరాను. మా అన్న అదే తోటవాళ్ళ లారీ నడిపేవాడు. ఆ ఏడే అన్నకు పెళ్ళయి, మా వదిన పాలమూరు వైపునుంచి కోడలిగా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. బడిలో చదివే రోజుల్లో జిల్లా జట్టుకు కబడ్డీ ఆడిందనీ, పదో తరగతి దాటగానే వాళ్ళ నాయన మాన్పించాడనీ మాకెవరికీ తెలియదు, ఆమె చెప్పనూ లేదు.

అది బయటపడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వదిన కూడా నాతోపాటు తోట పనికి వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం తోటలో సద్దులు విప్పుకుని కూర్చున్నాం. పండ్లు పెట్టెల్లో సర్దే పనికి శంషాబాద్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చేవాళ్ళు, ముస్లింల పిల్లలు, వాళ్ళ అమ్మీ బజారులో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. వాళ్ళలో చిన్నది మహా అల్లరిది. వదిన ముందున్న మామిడికాయ తొక్కు గిన్నె లాక్కుని పరుగెత్తింది. కూర్చున్న వదిన లేచిందో లేదో మేము చూడనేలేదు, నేల మీదికి వాలి ఆ పిల్ల చీలమండ ఒడిసిపట్టింది. పిల్ల ఇసుకలో బోర్లా పడింది, వదిన రెండో చేత్తో గిన్నె అందుకుంది, తొక్కు మాత్రం చెంచాడు కూడా ఒలకలేదు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఒక్కొక్కరం వెళ్ళి, ఆ పట్టు మాకూ నేర్పమని అడిగాం.

తోట అంచున సాగు చేయని చెలక ముక్క ఒకటి ఉండేది. అందులో రాళ్ళు ఏరి, ముళ్ళకంప కొట్టి, ఎర్రమట్టి జల్లెడ పట్టి పోసి, సున్నంతో గీతలు గీసుకున్నాం. తెల్లారగానే అక్కడికి పోయి, పనివేళ దాకా ఆడి, మట్టి దులుపుకుని తోటలో దిగేవాళ్ళం. పదిమందిమి పోగయ్యాం. వదిన కూతకు పోయేది, అక్కచెల్లెళ్ళలో పెద్దమ్మాయి నడుము పట్టులో దిట్ట, చిన్నది పాములా జారిపోయేది, నాకు వదిన ఎడమ మూల ఇచ్చింది. జిల్లా లీగు రెండో డివిజనులో మా పేరు రాయించింది మా అన్న. జట్టు పేరేమిటని అక్కడివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరి పేరు చెప్పి వచ్చాడు. అసలు గొడవంతా దానితోనే మొదలైంది.

ఊరి పేరు పెట్టుకుని ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు మట్టిలో దొర్లుతారా అని నలుగురు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. నాన్న అప్పటికే పోయాడు, అన్న లారీ మీద ఉన్నాడు. అమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. వదిన ఆటకు పోవడం అమ్మకు ఇష్టమో కాదో అప్పటిదాకా మాకూ తెలియదు. వాళ్ళు చెప్పేదంతా చెరుగుతూనే విన్నది. కోడలికి సిగ్గు ఉండాలి కదా అని వాళ్ళలో పెద్దాయన ముగించాక, చేట కింద పెట్టింది.

“పటేలా, నా కోడలు మీ పొలంల చీర మోకాళ్ళ దాక ఎగ్గట్టి నాట్లేసింది. నువ్వు గట్టు మీద నిలవడి చూస్తనే ఉంటివి. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడు యాడికెల్లి వచ్చింది?”

ఆయన కండువా దులుపుకుని వాకిలి దాటాడు. వదినా నేనూ తలుపు చాటునుంచి అంతా విన్నాం. ఆ తరువాత ఊరివాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నారని అనుకోకండి. మొహం మీద అనడం మానేశారు, అంతే.

ఆ గండం గడిచిందనుకుంటే ఇంకొకటి. లీగులో అందరూ మోకాళ్ళపై దాకా నిక్కర్లు వేసుకుని ఆడతారు. అక్కచెల్లెళ్ళ అబ్బాజాన్ ఆడొద్దని అనలేదు గాని కాళ్ళు కనబడకూడదన్నాడు. మా ఇద్దరికోసం మీ అందరికీ పరేషాన్ ఎందుకు, మేము మానుకుంటామని వాళ్ళు చెప్పడానికి వచ్చారు. వదిన, మానుడు లేదు, అందరం ఒక్కతీరే వేసుకుందాం అన్నది. వాళ్ళ అమ్మీ బడిపిల్లల బట్టలు కుట్టగా మిగిలిన నీలం గుడ్డతో పదిమందికీ పొడుగు లాగులు కుట్టింది. మొదటి పోటీ రోజున రెఫరీ మమ్మల్ని ఎగాదిగా చూసి, నిబంధనల పుస్తకం తిరగేశాడు. అందరి దుస్తులూ ఒకేలా ఉండాలి, వీపు మీద అంకె ఉండాలి అన్న మాట తప్ప పొడుగు సంగతి అందులో కనిపించలేదు. ఆడమన్నాడు. చూడవచ్చిన పట్నం వాళ్ళు మాత్రం పైజామాల టీము వచ్చిందని పగలబడి నవ్వారు. ఆ పేరు మాకు అంటుకుపోయింది.

మొదటి రెండు పోటీలూ ఓడిపోయాం. ఆట రాక కాదు, ఆ లాగుల వల్లే. తిరగబోతే కాళ్ళకు అడ్డం పడేవి, ఎదుటివాళ్ళ చేతికి బట్ట చిక్కేది. రెండో పోటీకి అక్కచెల్లెళ్ళ అమ్మీ కూడా వచ్చింది. బుర్ఖా ముసుగు పైకి తీసి, గీత పక్కన గొంతుక్కూర్చుని, ఆటంతా మా కాళ్ళ వంకే చూసింది. ఇంటికి పోయి లాగులన్నిటి కుట్లు విప్పి, తొడల దగ్గర బిగించి, చీలమండల దగ్గర రబ్బరు పట్టీ వేసి మళ్ళీ కుట్టింది. తప్పు నీ జట్టు పిల్లలది కాదు, నా కత్తెరది అని వదినతో అన్నదట. ఆ తరువాత వరసగా నాలుగు పోటీలు గెలిచాం. నవ్వినవాళ్ళు నవ్వడం మానలేదు గాని, మేము బరిలోకి దిగేటప్పుడు మేమే గట్టిగా పైజామాలూ అని కేకవేసి దిగడం మొదలుపెట్టాం.

ఇక మిగిలింది పట్నం కాలేజీ అమ్మాయిల జట్టు. వాళ్ళకు కోచ్ ఉన్నాడు, కాళ్ళకు బూట్లు ఉన్నాయి. వాళ్ళ ఓటమి ఒకటే, మావి రెండు. మేము గెలిస్తే ఇద్దరం సమానమై, ఎదురెదురుగా గెలిచినందుకు మేము పైకి పోతాం. ఆట సమమైనా, ఓడినా, వాళ్ళు పోతారు. ఎనిమిది జట్లలో ఒక్కదానికే దారి.

సరిగ్గా అప్పుడే నాకొక సంబంధం ఖాయమయ్యేటట్టు ఉండింది. మంచి కుటుంబం, అబ్బాయికి ఉద్యోగం. నాలుగో గెలుపు తరువాత జిల్లా పేపర్లో మా జట్టు బొమ్మ పడితే, అది చూసి వాళ్ళ మేనమామ కబురు పంపాడు, ఆదివారం వస్తున్నాం, పిల్ల ఇంటి దగ్గర ఉండాలి, ఇక ఈ ఆట ఉండకూడదు అని. ఆ ఆదివారమే పోటీ. అన్న బాగా ఇబ్బంది పడ్డాడు. వదిన నా వంక చూడకుండానే, నీ ఇష్టం పిల్లా, ఎడమ మూలకు ఇంకొకర్ని సూస్కుంట అన్నది. ఆమె నిజంగానే అన్నది, నీ ఇష్టమేమిటని తన నాయన తనను ఎన్నడూ అడగలేదు కనుక నన్ను అడిగిందేమో. శనివారమంతా ఆలోచించాను. నాకు భయం లేదని చెబితే అబద్ధం. ఆదివారం పొద్దున లేచి లాగు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆ ఆట మొత్తం చెప్పలేను, సగం నాకు గుర్తు లేదు. ఆఖరి కూత మాత్రం నిన్నటిలా ఉంది. మేము ఒక్క పాయింటు ముందున్నాం. వదిన అవుటై గీత బయట కూర్చుంది. బరిలో మిగిలింది ఆ అక్కచెల్లెళ్ళు, నేను. కూతకు వచ్చింది వాళ్ళ కెప్టెన్, నాకంటే జానెడు పొడుగు. పెద్దమ్మాయి భుజం తాకి వెనక్కి తిరిగింది. ఆమె గీత దాటితే ఆట సమం. నేను నేల మీదికి వాలాను. చీలమండ చేతికి దొరికింది, ఆమె ఆగలేదు, నన్ను ఈడ్చుకుంటూ పోయింది. మోచేతులు, గడ్డం మట్టిలో చీరుకుపోతున్నాయి. ఆమె ముందుకు పడి గీతకోసం చెయ్యి చాచింది. ఆ వేళ్ళకూ గీతకూ మధ్య ఒక చెయ్యి పట్టేంత జాగా ఉంది, అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చి మీద పడ్డారు. కూత తెగింది. ఈల విన్నాను, ఆ కెప్టెన్ వదులు అనడమూ విన్నాను. నా వేళ్ళు మాత్రం నా మాట వినలేదు. వదిన వచ్చి మట్టిలో కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పింది.

“ఇడువు పిల్లా,” అన్నది. “గెలిచినం.”

వదిన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఖాళీ ద్రాక్ష పెట్టెల మధ్య లారీలో నిలబడి ఊరికి వచ్చాం. ఇంటి ముందు ఎవరూ లేరు. వచ్చినవాళ్ళు ఎప్పుడు పోయారని అన్న భయంభయంగా అడిగితే, అమ్మ నా గడ్డం మీద పసుపు అద్దుతూ చెప్పింది.

“పిల్ల ఆటకు పోయింది, పొద్దూకెవరకు వస్తది, కూసోన్రి అంటి. కూసోలే. గింతసేపు కూసోనోళ్ళ ఇంట్ల అది జన్మంత ఎట్ల ఉంటది?”

రెండేళ్ళ తరువాత నన్ను చేసుకున్న మనిషి బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్ళికి ముందే ఈ సంగతి ఆయనకు చెప్పాను. కుడి మూలనా, ఎడమ మూలనా అని మాత్రం అడిగాడు. ఆయన ఇప్పుడు లేడు గాని, ఆ ప్రశ్న మాత్రం నా దగ్గర ఉంది.

ఇంత గెలుపు గెలిచి నలభై ఏళ్ళు నోరెందుకు మూసుకున్నానో కూడా చెప్పాలి. మరుసటి ఏడు తోట అమ్ముడుపోయింది. మేము జల్లెడ పట్టి పోసిన మట్టిలో ప్లాట్ల హద్దురాళ్ళు లేచాయి. ఊరి బడి వెనక గులకరాళ్ళ మీద సాధన చేసి మొదటి డివిజనులో ఆడాం. ఒక్కటి తప్ప అన్నీ ఓడిపోయి మళ్ళీ కిందికి దిగాం, జట్టు చెదిరింది. మేము గెలిచిన రోజు ఒక్కరూ రాని ఊరివాళ్ళకు మేము దిగిపోయిన సంగతి మాత్రం అందరికీ తెలిసింది. దిగిపోయిన టీము పిల్ల అని బావి దగ్గరా బస్సులోనూ అనేవారు. వయసు చిన్నది, రోషం పెద్దది. ఆ పేరు ఎత్తితే మళ్ళీ నవ్వుతారని గెలుపును కూడా దానితోపాటు పూడ్చిపెట్టాను. ఎక్కనివాడు దిగడు కదా అన్న మాట అప్పుడు నోటికి రాలేదు. ఇప్పుడు వచ్చింది, ఆలస్యమైతేనేం, గట్టిగానే అంటున్నాను.

వదిన పాల్మాకులలోనే ఉంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, టీవీలో కబడ్డీ వస్తే మూలల్లో నిలబడే పిల్లల్ని తిడుతూ చూస్తుంది. పెద్దమ్మాయి పోయింది. చిన్నది బాలాపూర్‌లో నలుగురు మనవల్ని పెంచుతోంది. మా చెలక ఉన్న చోటు వెతుకుదామని మొన్న వదినా నేనూ ఆటోలో పోయాం. గోదాములు, హోటళ్ళు, విమానాశ్రయానికి పోయే క్యాబులు. ఇక్కడని ఆమె, కాదు అక్కడని నేను, కాసేపు పోట్లాడుకుని తిరిగి వచ్చాం.

ఇదంతా విన్నాక మా కోడలు, ఆ రోజుల్లోనే మిమ్మల్ని ఆడనిచ్చారా అత్తయ్యా అని ఆశ్చర్యపోయింది. ఆ పిల్ల మంచి మనసుతోనే అడిగింది. కాని మమ్మల్ని ఎవరూ ఆడనివ్వలేదు, మేము ఆడాం. ఇప్పటి ఆడపిల్లలకు మెత్తని చాప ఉంది, బూట్లు ఉన్నాయి, పక్కన డాక్టరు ఉంటాడు, నాన్నలు దగ్గరుండి దింపి వస్తారు. చూస్తే కడుపు నిండుతుంది, నాకు అందనందుకు కాస్త అసూయ కూడా కలుగుతుంది. అయినా ఆ పిల్లలు, మమ్మల్ని ఆడనిస్తున్నారు అన్న మాటను అంత సంతోషంగా పలుకుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఇచ్చిన చెయ్యి ఏదో ఒకనాడు వెనక్కి అడగవచ్చు. మా కింది మట్టిని తీసుకున్నారు, మా జట్టును చెదరగొట్టారు, ఆ ఒక్క ఏడాదిని మాత్రం ఎవరూ తీసుకోలేకపోయారు. అది మాకు ఎవరూ ఇచ్చింది కాదు.