పురుగు మీద పడ్డ నేరం

నా చిన్నప్పుడు మా ఊరంతటికీ ఒక్కటే రేడియో, అదీ పంచాయతీది. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. పంచాయతీ గదిలో బల్ల మీద ఆ పెట్టె, గది కప్పు మీద గొట్టం మైకు, కప్పు అంచు నుంచి ఎదుటి కొబ్బరిచెట్టు దాకా లాగి కట్టిన రాగి తీగ. ఆ తీగను ఏరియల్ అనేవారు. గాలిలో వచ్చే మాటను అదే పట్టి పెట్టెకు అందిస్తుందట. పాటలు ఎవరన్నా విన్నారో లేదో గాని, సాయంత్రం వాతావరణం చెప్పే వేళకు మాత్రం ఊరు ఊరంతా నోరు మూసుకుని వినేది. చేపల వేటకు వెళ్ళాలో మానాలో దాన్నిబట్టే తేల్చుకునేవారు.

అలాంటి రేడియో ఒకరోజు మూగబోయింది. సరిగ్గా అవసరమైన రోజే మూగబోవాలా? ఆ పొద్దు సముద్రం రంగు బాగాలేదని మా తాతయ్య అన్నాడు. ఏం కాదని మా నాన్న అన్నాడు. కొన్నాళ్ళుగా వేట లేక ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉంది, అందుకే ఆయన పట్టుదల. అమ్మ ఏడ్చి మొత్తుకుంటే, సాయంత్రం రేడియో వద్దంటే మానేస్తానని ఒప్పుకున్నాడు. రేడియో ఏమీ చెప్పకపోతే మాత్రం వెలుగుండగానే తెప్ప నీళ్ళలోకి దించుతానన్నాడు.

అదృష్టమో దురదృష్టమో, మా అమ్మ తమ్ముడు ఆ ఉదయమే పూండిలో రైలు దిగి మా ఇంటికి వచ్చి ఉన్నాడు. మా మావయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో వైర్ల పని చేసేవాడు. మనిషి మంచివాడే. కానీ చేతిలో పని ఉంటే నోట్లో కథ కూడా ఉండాలి ఆయనకు. రేడియో బాగుచెయ్యమని పిలిస్తే, వెనక చెక్క ఊడదీస్తూ అమెరికా కథ మొదలుపెట్టాడు.

అక్కడ ఒక గదంత లెక్కల యంత్రం ఉండేదట. ఉన్నట్టుండి అది తప్పులు చెయ్యడం మొదలుపెడితే, లోపలి మీటలన్నీ వెతగ్గా ఒకదాని మధ్య రెక్కల పురుగు ఇరుక్కుని ఉందట. దాన్ని బయటికి లాగి, రోజువారీ పుస్తకంలో అతికించి, ఇన్నాళ్ళకు నిజమైన బగ్గే దొరికిందని పక్కన సరదాగా రాసుకున్నారట. ఇంగ్లీషులో బగ్గు అంటే పురుగేనని కూడా మావయ్య వివరంగా చెప్పాడు. అంత వివరం ఆ రోజు ఎవరడిగారు!

అంతే, కిటికీ దగ్గర మూగిన జనానికి ఆ సగం కథే చాలింది. రేడియోలో పురుగు దూరిందట అన్న మాట క్షణంలో రేవు దాకా పాకింది. ఒకరు చీపురు తెచ్చారు. ఒకరు వేపాకు పొగ పెట్టారు. పెట్టె వెనక నుంచి బొద్దింక ఒకటి ఉరికితే దాన్ని చంపి, వైద్యం అయిపోయినట్టు అందరూ రేడియో వైపు చూశారు. అది పలకలేదు. బొద్దింక కాకపోతే బల్లి అన్నారు, బల్లి కాకపోతే చీమలన్నారు. పొద్దు వాలిపోతోంది. మా నాన్న భుజాన తెడ్డు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రేడియో ఊసు వదిలేసి ఊరంతా పురుగుల వేటలో పడితే మా నాన్న సంగతేమిటి?

చివరికి మావయ్యకే ఒళ్ళు మండింది. “ఓలమ్మా, పురుగే అవ్వాలని నాను సెప్పినానేటి? ఆ పురుగు దొరక్క ముందు నుంచే ఆ మాటుంది. మెషిన్‌లో ఏ తప్పున్నా బగ్గే అంతారు. మనిసి సేసిన తప్పయినా బగ్గే!” అని అరిచాడు.

అప్పుడు జనం వెనక నుంచి మా నాన్నమ్మ గొంతు వినిపించింది. “అయితే నానే బాబూ. పొద్దున ఆ తీగ మీద సావళ్ళు ఆరేసినాను.”

అందరూ బయటికి వచ్చి తలెత్తి చూశారు. పట్టీల్లా పొడుగ్గా ఉండే ఆ సావళ్ళ చేపలు ఏరియల్ పొడుగునా వేలాడుతున్నాయి. ఇసుకలో ఆరేస్తే ఇసుక అంటుతుంది, కుక్కలు లాక్కుపోతాయి. అందుకని మా ఊళ్ళో ఆడవాళ్ళు ఎక్కడ తాడు కనిపించినా, తీగ కనిపించినా చేపలు వేసేసేవారు. బరువుకు తీగ సాగి, కప్పు అంచు దగ్గర పెట్టెలోకి దిగే తీగతో కలిపిన ముడి ఊడిపోయింది. పొద్దుటి నుంచి ఊరంతా ఆ చేపల కిందనుంచే వచ్చి పోతున్నా ఒక్కరి కంటికీ అవి తేడాగా అనిపించలేదు. చేపలు వేలాడ్డం మాకేమన్నా వింతా? ఖరగ్‌పూర్ మనిషి కూడా వాటి కిందనుంచే లోపలికి వెళ్ళాడు!

మా తాతయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. నాన్నమ్మ తనపాటికి తను తీగ మీంచి చేపలు తీసుకుంటూ పోయింది. మావయ్య పైకెక్కి ముడి వేశాడు. రేడియో గరగరలాడి, గొంతు తెచ్చుకుని, వేటకు ఎవరూ వెళ్ళొద్దని చెప్పింది. నాన్న తెడ్డు దించాడు. మర్నాడు పొద్దున్న వచ్చిన గాలికి కొబ్బరిచెట్ల తలలు విరిగాయి, ఒడ్డుకు లాగిన తెప్పలే కొట్టుకుపోయాయి.

ఇప్పుడు నేను కాశీబుగ్గలో ఉంటున్నాను. మొన్న పింఛను కోసం వెళితే మెషిన్ నా వేలిముద్ర తీసుకోనంది. “బగ్గంటండి పిన్నీ, మేమేటి సేత్తాం” అన్నాడు అక్కడి కుర్రాడు. గ్యాసుకు ఫోన్ చేసినా బగ్గే, రైలు టికెట్‌కూ బగ్గే. ఆ పురుగు ఎక్కడి నుంచో ఎగిరొచ్చి దూరినట్టు, పాపం తామంతా దాని బాధితులైనట్టు చెబుతారు. ప్రోగ్రాం రాసింది మనిషి, తప్పు రాసిందీ మనిషే. ఆ ఒక్క సంగతీ చెప్పడానికి వీళ్ళకు నోరెందుకు రాదో నాకు అర్థం కాదు.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు ఉండిపోయింది. ఇంట్లో ఏది చెడినా, నా చెయ్యి పడి ఉంటే, ఎవరూ అడక్కముందే నేనేనని చెప్పేస్తాను. తిట్లు తప్పవు, నాన్నమ్మకూ తప్పలేదు. తిట్లకు భయపడి ఆవిడ ఆ సాయంత్రం జనం వెనకే ఊరుకుని ఉంటే, మా నాన్న తెప్ప దించేసేవాడు.