శివమ్మగారు గిల్లిన బంతి

సకల జనుల సమ్మె జరిగిన ఏడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో శివమ్మగారి ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది గుంటూరు. గొడవల్లో ఎవరేమంటారోనని మా ఆయన నన్ను గడప దాటొద్దన్నారు. కింద వాటాలో ఉండే శివమ్మగారి కోడలు కౌసల్య ఇక్కడి పిల్లే, పోచంపల్లి నేతవాళ్ల ఆడపడుచు. ఏ భయమూ లేని ఆమెకు కూడా గడప దాటే యోగం లేదు. కూరగాయలు సైతం అత్తగారే తెచ్చేవారు.

ఆ ఏడు కౌసల్యది ఒకటే కోరిక. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమంలోని ఆడవాళ్లంతా సద్దుల బతుకమ్మ ఆడతారట, తనూ వెళ్లి ఆడాలి. అడగ్గా అడగ్గా శివమ్మగారు ఒక మెలిక పెట్టారు.

"కొన్న పూలతోని మనింట్ల బతుకమ్మ పేర్చరు. డాబా మీద బంతి పూస్తే పో. పూయకుంటే ఇంట్లనే కూసో."

కౌసల్య కుండీల్లో బంతినారు నాటింది. శివమ్మగారు రోజూ పొద్దున్నే డాబా ఎక్కి బొటనగోటితో చిగుళ్లు తుంచేవారు. "తల గిల్లితే గుబురైతది, గంపెడు పూస్తది" అనేవారు. నిజమే, మొదట్లో అలా గిల్లాలి కూడా. మొక్కలు గొడుగుల్లా విచ్చుకుంటుంటే కౌసల్య మురిసిపోయింది.

వినాయకుడి నిమజ్జనం అయిపోయింది. సమ్మెతో బస్సులు ఆగిపోయాయి, దుకాణాల షట్టర్లు దిగిపోయాయి. శివమ్మగారి వేళ్లు మాత్రం ఆగలేదు. బఠాణీ గింజంత మొగ్గలు కూడా చిగురుతో పాటు రాలిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

"మొగ్గ తొడిగాక గిల్లితే పండక్కి ఏం పూస్తాయండీ?" అనేశాను.

"నువ్వు ఊకో అమ్మా, నాకు తెల్వదా?" అన్నారావిడ.

కౌసల్య నా కొంగు పట్టుకుని మెట్ల దగ్గరికి లాగింది. "ఏమనకు అక్కా. ఎదురు మాట్లాడితే ఇచ్చిన గా ఒక్క మాట గూడ ఎనక్కి తీస్కుంటది."

సద్దుల రోజు డాబా అంతా పచ్చగా ఉంది. ఒక్క పువ్వు లేదు. పుట్టింటి చీర కట్టుకుని, ఖాళీ తాంబాళం పట్టుకుని కౌసల్య ఆ కుండీల మధ్య నిలబడింది.

"ఎందుకట్ల చేసినవ్ అత్తమ్మా?" అంది. అత్తగారిని ఆమె ఎదురు ప్రశ్న వేయడం నేను వినడం అదే మొదటిసారి.

పిట్టగోడ పక్కన కూర్చున్న శివమ్మగారు తలెత్తలేదు. "అరవైతొమ్మిది ఉద్యమంల మా చెల్లె గిట్లనే జులూస్‌కు పోయింది. మల్ల రాలే. పూస్తే నువ్వు గూడ పోతవు గద బిడ్డా. అందుకే గిల్లిన."

కౌసల్యకు కోపగించుకునే దారి కూడా లేకుండా పోయింది. తాంబాళం కింద పెట్టి, అత్తగారి పక్కనే కూలబడి ఏడ్చింది. గల్లీలోంచి ఆడవాళ్లు పాడుకుంటూ వెళ్తున్నారు.

సమ్మె ముగిసింది. బస్సులు మళ్లీ తిరిగాయి. దీపావళికి ఆ మొక్కలు ఆకు కనబడకుండా పూశాయి. శివమ్మగారు సంబరంగా కోడలి చేతికి బుట్ట ఇచ్చారు.

"కోస్కో బిడ్డా, ఎన్ని కావాల్నో అన్ని."

కౌసల్య బుట్ట అందుకుంది.

"కోస్కొని యాడికి పోవాలె అత్తమ్మా?"